ప్రణాళికా నిర్వాకుడు

మొన్నామధ్య ఒక ఉదయం దినపత్రిక విప్పగానే మడతలోనుంచి రంగుల కరపత్రమొకటి జారి నా ఒళ్లో పడింది. నంద్యాల జిల్లా కేంద్రమైన తరువాత ఈ ఊళ్లో పత్రిక కంటె దాని కడుపులో దాగి వచ్చే కరపత్రాల బరువే ఎక్కువైనది కాబట్టి, సాధారణంగా నేను వాటిని చదవకుండానే పక్కన పెట్టి, వెనుకవైపు తెల్లగా ఉన్నవాటిని మాత్రం చిత్తురాతలకు దాచుకుంటాను. ఆనాటిది అందుకు కూడా పనికిరాలేదు, రెండు వైపులా అచ్చే. పైన పెద్ద అక్షరాలలో సమాచార సాంకేతిక రంగంలో ప్రాజెక్టు మేనేజర్ల జీతభత్యాలు, ఉద్యోగావకాశాల గురించి ఉచిత అవగాహన సదస్సు అని ఉన్నది. కింద, కోటు తొడుక్కొని చేతులు కట్టుకొని నిలబడిన వక్త ఛాయాచిత్రం. ఆ వక్త నా చెల్లెలి కొడుకు.

జీతమన్న మాట జీవితమన్న మాటలోనుంచే నడుమ అక్షరం అరిగిపోయి మనకు దక్కినదని, విద్వాన్ తరగతిలో మాకు వ్యాకరణం చెప్పిన గురువుగారు అనేవారు. నా ఈడువారిలో ఎందరికో ఆ మాట వినగానే మొదటి నెల జీతం తెచ్చి అమ్మ చేతిలో పెట్టిన రోజు గుర్తుకు వస్తుంది. నాకు మాత్రం ఆ కరపత్రం చూసిన తరువాత గుర్తుకు వచ్చినది వేరు. ఆళ్లగడ్డలో మా బావ కొట్టు వెనుక గది, అందులో ఒక మధ్యాహ్నం జరిగిన పెళ్లిమాటలు, ఒకే ఒక్క తెలుగు మాటను అపార్థం చేసుకోవడం వల్ల ఒక మనిషి బ్రతుకు పట్టాలు మారిన వైనం.

మా చెల్లెలిని ఆళ్లగడ్డకు ఇచ్చాము. చెల్లెలి భర్త అయినా వయసులో నాకంటె పెద్దవాడు కనుక ఆయనను బావా అనే పిలుస్తాను. ఆయనకు కడప రహదారి మీద సిమెంటు, ఇనుము అమ్మే కొట్టు ఉన్నది. దానికి రెండు వైపులా విగ్రహాలు చెక్కే షెడ్లు. పొద్దు పొడిచినది మొదలు ఉలి చప్పుళ్లు, ఈమధ్య వాటికి తోడు రాయి కోసే యంత్రాల రొద. అందువల్ల ఆ ఇంటిల్లిపాదికీ ఎంత చిన్న మాటనైనా ఏటి అవతలి గట్టున ఉన్నవాడితో చెప్పినట్టు కేక వేసి చెప్పడం అలవాటైపోయింది. ఆ ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైన సంగతి కూడా బస్సు కోసం నిలబడినవాళ్లకు తెలిసేది.

బావకు మేనేజరన్న మాట మీద ఉన్న గౌరవానికి ఒక చరిత్ర ఉన్నది. యౌవనంలో ఏదో సంతకం కోసం ఒక బ్యాంకుకు వెళితే అక్కడి మేనేజరు అద్దాల తలుపు వెనుక కూర్చొని, ఈయనను పొద్దంతా బయట బల్ల మీద కూర్చోబెట్టి, చివరకు లోపలికి పిలిచిన తరువాత కూర్చోమనకుండానే మాట్లాడి పంపించాడట. ఇంకొకరైతే ఆ మేనేజరును జన్మంతా తిట్టుకునేవారు. బావ తిట్టుకోలేదు. ఆ కుర్చీని తలుచుకున్నాడు. తన వంశంలో ఒకడు ఆ తలుపుకు లోపలివైపున కూర్చోవాలని నిశ్చయించుకున్నాడు. అప్పటికి ఆయనకు పెళ్లైనా కాలేదు.

మేనల్లుడు బాగా చదివాడు, బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో చేరాడు. ఆ తొలి సంవత్సరాలలో వాడు ఊరికి వచ్చినప్పుడల్లా నంద్యాలలో దిగి, నా దగ్గర ఒక పూట ఉండి, తరువాతనే ఆళ్లగడ్డ బస్సు ఎక్కేవాడు. ఒకసారి మా చెల్లెలు ఏదో వైద్యం పనిమీద నా ఇంట్లోనే ఉన్నప్పుడు వాడు వచ్చాడు. ముగ్గురమూ మందుల షాపుకు వెళ్లాము. షాపులో బిల్లు చీటీ మిషనులోనుంచి బయటకు రాగానే వాని ముఖం వెలిగిపోయింది. ఈ షాపువాళ్లు వాడే ప్రోగ్రాము తమ కంపెనీదేనని, గడువు తీరిన మందును అమ్మబోతే ఈ కంప్యూటరు బిల్లు కొట్టనంటుందని, అట్లా అనిపించే నాలుగు వరుసలు తాను రాసినవేనని తల్లికి విడమరచి చెప్పాడు.

"అంటే, వద్దు అనేది నువ్వు నేర్పినావా దానికి?" అన్నది చెల్లెలు.

"అవునమ్మా. అంతే."

"మంచి పని చేసినావు నాయనా. మీ నాయనకు కూడా రోంత నేర్పు. ఎవరడిగినా సరే సరే అని సరుకంతా ఇచ్చి పంపిస్తాండాడు."

షాపులోని వాళ్లందరూ నవ్వారు. వాడు మాత్రం ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొదట పది వరుసలలో రాసినదానిని ఎట్లా కుదించి కుదించి నాలుగు వరుసలకు తెచ్చాడో దారి పొడుగునా నాకు చెబుతూనే వచ్చాడు. నాకు ఆ లెక్కలు ఏమీ బోధపడలేదు గాని, ఆ సంతోషం మాత్రం చక్కగా బోధపడింది. సూత్రంలో ఒక పొల్లు అక్షరం కూడా వృథాగా ఉండరాదని తపించిన వ్యాకర్తల వంశమే ఇది, లిపి మాత్రం మారినది అనుకున్నాను.

ఏడెనిమిదేళ్లు గడిచాక వాని ఉద్యోగంలో దారి రెండుగా చీలింది. ఆ కంపెనీలలో కొంత అనుభవం వచ్చినవానికి రెండు మార్గాలు చూపిస్తారట. ఒకటి, ప్రోగ్రాములు రాసే పనిలోనే పైపైకి పోవడం. రెండవది, రాయడం మానివేసి, రాసేవారి చేత రాయించే ప్రాజెక్టు మేనేజరు కావడం. జీతం రెంటికీ సమానమే. వాని మనసు మొదటి దారిలోనే ఉన్నది. ఆ సంగతి ముందుగా నాకే చెప్పాడు. సరిగా ఆ రోజులలోనే నంద్యాలనుంచి సంబంధం వచ్చింది.

పిల్ల మేనమామ మాట్లాడటానికి ఆళ్లగడ్డకు వచ్చాడు. కొట్టు వెనుక గదిలో కూర్చున్నాము. ఆయన కాఫీ తాగుతూనే బావను అడిగాడు.

"పిల్లోడు ఏం జేస్తాండాడు?"

"బెంగుళూర్లో సాఫ్ట్‌వేరు" అని బావ ఉలి చప్పుడుకు మించి అరిచాడు.

"అది తెలుసప్పా. ఈ కాలంలో ఇంటికొకడుండాడు సాఫ్ట్‌వేరు. చేతి కింద ఎంతమంది?"

బావ కొడుకు వైపు చూశాడు. వాడు ఉన్నమాట చెప్పాడు. "ఎవరూ లేరండి. నేనే రాస్తాను."

గది ఒక్కసారిగా చల్లబడిపోయింది. వాడు ఏ అర్థంలో అన్నాడో ఆ గదిలో నాకొక్కనికే తెలుసు. తక్కిన అందరికీ రాసేవాడంటే గుమాస్తా. అంగడి వీధులలో పుట్టి పెరిగినవారికి లోకమంతా రెండే జాతులు, గద్దె మీద కూర్చున్నవాడు, పక్కన కూర్చొని రాసేవాడు. ఇంత చదువు చదివి, బెంగుళూరు దాకా పోయి, తన కొడుకు ఇంకా రాస్తున్నాడని పదిమందిలో వినడం బావకు తల కొట్టేసినట్టయింది.

"మేనేజరు పని ఇస్తామంటాండారని మొన్న నువ్వే జెప్తివి గదరా! అది జెప్పకుండా రాస్తా రాస్తా అంటావేందీ?"

"నాయనా, జీతం రెంటికీ ఒకటే."

"ఒకటే అయినప్పుడు ఇంగ మేనేజరు కాను అనేదానికి నీకేం రోగం?"

ఆ తర్కానికి ఎదురు చెప్పగలిగిన శాస్త్రాన్ని నేనింతవరకు చదవలేదు. ఆ గదిలో నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. పండితుని అభిప్రాయం శుభలేఖ దగ్గర అవసరం గాని సంబంధం దగ్గర కాదు. వాడు సరే నాయనా అన్నాడు. మేనమామ కాఫీ గ్లాసు కింద పెట్టి, అట్లనా, మేనేజరైతే ఆ మాట మొదటనే చెప్పాల గదప్పా అని నవ్వాడు. చేతి కింద ఎంతమందో కూడా బావే చెప్పేశాడు. వాడు ఇంకా ఆ పనిలో చేరనేలేదు.

శుభలేఖ రాసే భారం నామీద పడింది. పేరు కింద ఉద్యోగం తెలుగులో ఘనంగా ఉండాలని బావ పట్టుబట్టాడు. ఆలోచించి ఆలోచించి "ప్రణాళికా నిర్వాహకుడు" అని కూర్చాను. అచ్చు వేసినది మా ఎదురింటి సాయబు. ఆయనకు నంద్యాలలో చిన్న ప్రెస్సు ఉన్నది, నా చిత్తుప్రతులన్నీ ఆయన చేతి మీదుగానే అచ్చయినవి. శుభలేఖలు కట్టలు కట్టలుగా ఆళ్లగడ్డకు చేరిన తరువాత చూస్తే, నిర్వాహకునిలో హకారం ఎగిరిపోయి, వరుడు ప్రణాళికా నిర్వాకుడై కూర్చున్నాడు. మన ఇళ్లలో నిర్వాకమన్న మాటను ఎవరు ఏమి చేసినప్పుడు వాడుతామో మీకు వేరే చెప్పనక్కరలేదు.

బావ ఫోనులో అరిచిన అరుపుకు ప్రెస్సు సాయబు ఫోను చెవికి దూరంగా పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు.

"అయ్యవారూ, మీరే జెప్పండి. మీరు రాసిచ్చినప్పుడు ఉన్నింది. నేను కొట్టినప్పుడూ ఉన్నింది. నడుమ యాడ పాయెనో అల్లాకే తెలియాల."

"కంప్యూటరు మింగిందంటావా?"

"మింగుంటాది. ఆ పిల్లోడు జేసే పని గూడా కంప్యూటర్లోనే గదా. వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు లెండి."

మళ్లీ అచ్చు వేయడానికి వ్యవధి లేదు. పెళ్లి పందిట్లో ఆడవాళ్లు వరుణ్ణి నిర్వాకుడా అని పిలిచి పిలిచి అలసిపోయారు. అందరికంటె ఎక్కువగా నవ్వినవాడు వాడే. ఆ తరువాత చాలా ఏళ్లు, పండుగ శుభాకాంక్షలు పంపినప్పుడల్లా నాకు "మీ నిర్వాకుడు" అని సంతకం చేసేవాడు.

మంచి రోజులు వచ్చాయి, కాదనను. నేను ఏడాది పొడుగునా గొంతు చించుకొని తెచ్చుకున్నంత జీతం వానికి ఒక్క నెలలో వచ్చేది. మన వైపు ఊళ్లలో మనిషి కనబడితే బాగుండావా అని అడగడానికి ముందే ఎంత వస్తాంది అని అడుగుతారు కదా. బావ ఎవరూ అడగకముందే చెప్పేవాడు. సిమెంటు కోసం వచ్చిన రైతుకు, ఇనుము దించే హమాలీకి, పక్క షెడ్డులో అరచేయి అంత దేవుని చెవి చెక్కుతున్న శిల్పికి, అందరికీ మేనేజరు జీతమెంతో తెలుసు. ఆ అంకె ఆయన నోట ఏటేటా పెరిగేది, కంపెనీ పెంచిన దానికంటె వేగంగానే పెరిగేది. ఎదురింటి సాయబు నన్ను ఎగతాళి చేసేవాడు.

"అయ్యవారూ, మీ చేతి కింద గూడా క్లాసు నిండా ఉన్యారు గదా పిల్లోళ్లు. మీకేం వచ్చింది?"

"దండాలు వచ్చినాయప్పా" అనేవాణ్ణి.

"అవి బ్యాంకులో ఏసుకుంటారా?"

వాని పనిలోని సారమేమిటో మాత్రం ఒకసారి మా చెల్లెలు నా ఎదుటనే అడిగింది. ఆడ పొద్దంతా నువ్వేం జేస్తావు నాయనా అని. వాడు కొంచెం ఆలోచించి, అయిందా అని అడుగుతానమ్మా అన్నాడు. కాకపోతే? ఎందుకు కాలేదు అని అడుగుతా. ఆ తరువాత? నా పైవాడు నన్ను అయిందా అని అడుగుతాడు. అంతేనా అన్నది చెల్లెలు. అంతే అన్నాడు. నేనూ పొద్దంతా మీ నాయనను అదే అడుగుతాండా, నాకెవరూ ఇయ్యల్యా జీతం అని ఆమె నవ్వింది. వాడూ నవ్వాడు గాని, మందుల షాపులో చీటీ చూసి నవ్విన నవ్వు కాదది. మొదట్లో ఆదివారాలలో సొంతానికి ఏదో రాసుకుంటున్నానని చెప్పేవాడు. తరువాత ఆ మాట ఎత్తడం మానేశాడు. నేను కూడా అడగలేదు.

ఏడాది కిందట వాని కంపెనీ ఒక కొత్త సంగతి కనిపెట్టింది. పని చేసేవారు తమ పనిని తామే చూసుకోగలరనీ, నడుమ నిలబడి అడిగేవాడు అక్కరలేదనీ. అయిందా అని అడగడం, కాలేదన్న జవాబును పట్టికలో ఎక్కించడం, దానిని పైకి పంపడం యంత్రం నేర్చుకున్నదట. ఇన్నేళ్లు నాకిచ్చిన జీతం ఈ రెండు మాటలకా మామా అని వాడు ఫోనులో అడిగాడు. ఆ ఏడు ఉగాదికి వాని శుభాకాంక్షలలో సంతకం లేదు.

వానికి భార్య, బడికి పోయే కూతురు. బెంగుళూరు అద్దెలు భరించలేక, భార్య పుట్టిన ఊరు కదా అని నంద్యాలకు వచ్చి చేరారు. ఆమె ఒక బడిలో ఉద్యోగం చూసుకున్నది. వాడు ఇంటినుంచే ఇంటర్వ్యూలకు కూర్చునేవాడు. ఆ ఇంటర్వ్యూల సంగతి ఉదయం నాతో నడకకు వచ్చినప్పుడు చెప్పేవాడు. మునుపటి జీతమెంత అని అడుగుతారట. చెబితే, అమ్మో అంత మేమివ్వలేము అంటారు. తగ్గించుకుంటాను అంటే, అంత తగ్గించుకునేవానిలో ఏదో లోపం ఉండి ఉంటుందని అనుకుంటారు. ఒకచోట వాని కంటె పదిహేనేళ్లు చిన్నవాడు, మీ చేత్తో మీరు చేయగలిగినది ఏమిటో చెప్పండి అని అడిగాడట. మామా, ఎంతమంది చేత చేయించానో అన్నీ చెప్పినాను, వాడు మళ్లీ అదే అడిగినాడు, అని చెప్పి వాడు నడక ఆపి నిలబడిపోయాడు.

ఇదంతా ఆళ్లగడ్డకు తెలియదు. మహమ్మారి వచ్చిపోయిన తరువాత సాఫ్ట్‌వేరు వాళ్లు ఇంటినుంచే పని చేయడం లోకానికి అలవాటైనది కనుక, నంద్యాలలో కూర్చొని బెంగుళూరు పని చేస్తున్నానని తండ్రికి చెప్పడం తేలికైంది. ఎన్నాళ్లు దాస్తావురా అన్నాను. వాని జవాబు నా మనసులోనుంచి పోవడం లేదు.

"ఉద్యోగం పోయిందని తెలిస్తే తట్టుకుంటాడు మామా. ఆ దినం మేనేజరు కమ్మనింది నేనే గదా అని ఒక్కసారి అనుకున్నాడంటే మాత్రం ఇంగ తట్టుకోడు. ఆ మాట ఆయన నోట నేను వినలేను."

ఈ స్థితిలో, మా ఊళ్లో కొత్తగా వెలసిన ఒక శిక్షణ సంస్థ వాణ్ణి పాఠాలు చెప్పడానికి పెట్టుకున్నది. చెప్పవలసినది ప్రాజెక్టు మేనేజరు కావడం ఎట్లా అన్నది. నా ఒళ్లో పడినది ఆ సంస్థ కరపత్రమే. దానిని అచ్చు వేసినది కూడా మన ఎదురింటి సాయబే. ఈసారి ఒక్క అక్షరం కూడా ఎగిరిపోలేదు. సాయంత్రం ఆయన ఆ కరపత్రం పట్టుకొనే వచ్చాడు. ఆయన కూతురు డిగ్రీ ముగించింది, బీఈడీలో సీటు వచ్చింది. ఆ పిల్లకు పాఠం చెప్పడమంటే ఇష్టమని నాకు తెలుసు. చిన్నప్పుడు మా అరుగు మీద తన తమ్ముళ్లను కూర్చోబెట్టి బెత్తం పట్టుకునేది. ఆయన ఇప్పుడు ఆ సీటు వదిలించి, ఆ ఫీజు తెచ్చి ఇక్కడ కట్టాలని చూస్తున్నాడు. మీ మేనల్లుని జీతం సంగతి ఆళ్లగడ్డ అంతా తెలుసు గదా అయ్యవారూ అన్నాడు. ఇది నువ్వు అచ్చేసిన కాగితమే కదప్పా, అడిగినవాడు ఏది రాసిస్తే అది వేస్తావు కదా అన్నాను. అచ్చులో పడినాక ఇంగ అబద్ధమెట్లయితాది అన్నాడు.

సాయబు ఆలోచనను ఆ రాత్రి లోపలే మేనల్లునికి చెప్పాను. ఆ పిల్లకు బీఈడీ సీటు ఉన్నదని కూడా చెప్పాను. 

ఆదివారం ఉదయం కళ్యాణమండపంలో సదస్సు. కుర్చీలు చాలక పిల్లలు గోడల వెంట నిలబడ్డారు. వద్దన్నా వినక బావ మొదటి బస్సుకే ఆళ్లగడ్డనుంచి దిగి, ఇస్త్రీ చొక్కాతో ముందు వరుసలో కూర్చున్నాడు. సెలవురోజున ఊరి పిల్లల కోసం కొడుకు నాలుగు మంచిమాటలు చెబుతున్నాడని ఆయన అనుకుంటున్నాడు. తెర మీద జీతాల అంకెలు మెట్లు మెట్లుగా ఎక్కిపోయాయి. చేరినప్పుడెంత, అయిదేళ్లకెంత, పదేళ్లకెంత. పిల్లలు వంగి వంగి రాసుకున్నారు. వాడు చదివినంతసేపూ ఇంగ్లీషు కలిసిన చదువుకున్నవారి తెలుగే చదివాడు, ఎవరో రాసిచ్చినది అప్పగించినట్టు. చివరకు ప్రశ్నలుంటే అడగమన్నారు. నా పక్కనుంచి ప్రెస్సు సాయబు లేచాడు.

"సార్, ఈ కాగితం అచ్చేసింది నేనే. అంకెలన్నీ బాగుండాయి. నాది ఒకటే ప్రశ్న. మీరు ఇప్పుడు యాడ చేస్తాండారు? మీకు ఎంత వస్తాంది?"

మండపమంతా నవ్వింది. మన వైపు అది తప్పు ప్రశ్న కాదు. బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణి కూడా అడిగే ప్రశ్నే.  ముందు వరుసలో తండ్రి, కొడుకు ఆ అంకెను గట్టిగా చెప్పాలన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. వాడు తండ్రిని చూశాడు, సాయబు పక్కన కూర్చున్న ఆ అమ్మాయిని చూశాడు.  వాడు మైకు కొంచెం దగ్గరగా తీసుకున్నాడు. అప్పుడు వాని నోట వచ్చినది ఆళ్లగడ్డ తెలుగు.

"ఈడనే చేస్తాండానన్నా. ఈ సంస్థలోనే. మా కంపెనీలో మేనేజర్లు అక్కర్లేదని తీసేసినారు, నన్నూ తీసేసినారు. ఏడాదయింది. ఆ తెర మీది జీతం నాకు ఒకప్పుడు వస్తాండె. ఇప్పుడు రాదు. మీ పాపకు బీఈడీ సీటు వచ్చిందంట గదా. దాంట్లోనే చేర్పించండి."

 సంస్థ యజమాని, చురుకైన యువకుడు, ఒక్క గెంతులో వేదిక ఎక్కి వాని చేతిలోని మైకు అందుకున్నాడు.

"చూసినారా! ఇదీ సంస్కారమంటే! లక్షల జీతం చూసిన మనిషి, ఈ పొద్దు మన నంద్యాల పిల్లల కోసం ఈడికొచ్చి నిలబడినాడు. కష్టం గూడా దాచకుండా చెప్పినాడు. ఇట్లా ఉన్నదున్నట్టు చెప్పే సారు మీకు హైదరాబాదులో దొరుకుతాడా? బెంగుళూర్లో దొరుకుతాడా?"

చప్పట్లు మోగాయి. గోడల వెంట నిలబడినవాళ్లు ఈలలు కూడా వేశారు. వాడు ఇంకేదో చెప్పబోయాడు. మైకు వాని చేతిలో లేదు. ఒక మనిషి తన బ్రతుకులో చెప్పడానికి అన్నిటికంటె భయపడిన మాటను పదిమందిలో చెప్పేస్తే, ఆ మాట క్షణంలో వ్యాపార ప్రకటనగా మారిపోవడం నేను కళ్లారా చూశాను. పేర్లు నమోదు చేసుకునే బల్ల దగ్గర వరుస కట్టారు. వాని ఉద్యోగం నిలిచింది. ఎవరూ నమ్మలేదు కనుక నిలిచింది.

బయటకు వచ్చాక సాయబును పట్టుకొని, వాడు చెప్పినది అక్షరాలా నిజమని, నిజంగానే తీసివేశారని, ఏడాదిగా నేను చూస్తున్నానని చెప్పాను.

"మీరు అమాయకులు అయ్యవారూ. తీసేసినోణ్ణి తెచ్చి ఎవరన్నా అంత పెద్ద సభలో మాట్లాడిస్తారా? పెద్దోళ్లు అట్లనే తగ్గి మాట్లాడతారు" అన్నాడు. గొంతు తగ్గించి, "ల్యాకపోతే మనలాంటోళ్ల పిల్లలు పైకి రాకూడదని గూడా అని ఉండొచ్చు" అన్నాడు. మరునాడే ఫీజు కట్టాడు. అమ్మాయి ఇప్పుడు సాయంత్రంపూట పుస్తకాల సంచితో ఆ క్లాసుకు వెళుతున్నది. దారిలో నన్ను చూసి తల వంచుకొని వెళుతుంది.

బావను నేనే బస్సుస్టాండుకు తీసుకువెళ్లాను.  చప్పట్లు కొట్టినవారిలో ఆయన కూడా ఉన్నాడేమో నేను గమనించలేకపోయాను. బల్ల మీద కూర్చున్నాము. ఆళ్లగడ్డ బస్సు వచ్చి నిలబడింది, జనం ఎక్కుతున్నారు, ఆయన లేవలేదు. ఇంత వయసు వచ్చేదాకా ఆయన గొంతు తగ్గించి మాట్లాడగా నేను వినలేదు. ఆనాడు పక్కన కూర్చొని కూడా చెవి దగ్గర పెట్టవలసి వచ్చింది.

"పండితుడా, వానికి ఆ రాసేది ఇంగా వస్తాదా?"

అడిగి చెబుతానన్నాను. ఆయన తల ఊపి లేచి బస్సెక్కాడు. కిటికీ దగ్గర కూర్చొని కూడా నావైపు చూడలేదు.

మరునాటి నడకలో మేనల్లుణ్ణి అడిగాను. తండ్రి అడిగాడని చెప్పలేదు. వానికి చెప్పకుండానే తెలిసింది. రాదు మామా అన్నాడు. కొన్ని నెలలు కూర్చొని చూశాడట. ఆ రోజులలో తాను రాసిన భాషను ఇప్పుడు ఎవరూ రాయడం లేదట. కొత్తవి నేర్చుకోవచ్చు గాని, వాటిని పుట్టుకతో నేర్చినట్టు రాసే పిల్లలు, ఆ పిల్లల కంటె వేగంగా రాసే యంత్రాలు వచ్చేశాయట. నేను రాసేటప్పుడు నా వేళ్లకే తెలిసేది మామా, ఇప్పుడు ప్రతి అక్షరానికీ ఆగి ఆలోచించాల్సి వస్తాంది అన్నాడు.

నేను ఇంటికి వచ్చి చాలాసేపు అరుగు మీద కూర్చున్నాను. పదిహేనేళ్ల వయసులో మా గురువుగారి ముందు కూర్చొని వల్లించిన సంధులు, సమాసాలు, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలను. నా తండ్రితరంవారు నేర్చిన పని ఏదైనా, అది వారితో కాటిదాకా నడిచి వెళ్లేది. చేతికి వణుకు వచ్చేది గాని పని మరుపుకు వచ్చేది కాదు. చదువన్నది ఒకసారి అబ్బితే మనిషిని విడిచిపెట్టదని మేము నమ్మాము, మా శిష్యులకు చెప్పాము, వాళ్లు తమ పిల్లలకు చెప్పారు. ఎవరూ నోరారా మాట్లాడని ఒక పాత భాషను బోధించి, నేను ముప్పై ఏళ్లకు పైగా ఇల్లు నడిపాను, చెల్లెలి పెళ్లి చేశాను, ఈనాటికీ దాని పేరు మీదనే పింఛను తింటున్నాను. ప్రపంచమంతా వాడుతున్న కొత్త భాషను నా మేనల్లుడు నేర్చుకున్నాడు, ప్రేమించాడు. వాని తల పూర్తిగా నెరవకముందే ఆ భాష చచ్చిపోయింది. ఆళ్లగడ్డకు ఇంకా ఏమీ చెప్పలేదు. రాదు అనే ఆ ఒక్క ముక్కను ఏ మాటలతో చెప్పాలో, ఇంత తెలుగు చదివినా, నాకు తోచడం లేదు.